డ్రమ్‌క్లిఫ్ చర్చి, యేట్స్ సమాధి: వెళ్ళొచ్చినవాళ్ళు కాస్త చెప్పండి

లక్ష్మి_డబ్లిన్:
గుంటూరు నుంచి అమ్మానాన్న వచ్చారు. నాన్న రిటైర్డ్ ఇంగ్లీష్ లెక్చరర్, ఐరిష్ కవి యేట్స్ సమాధి చూడాలని ఎప్పట్నుంచో కోరిక. ఆదివారం స్లైగో దగ్గరున్న ఈ డ్రమ్‌క్లిఫ్‌కి వెళ్దామనుకుంటున్నాం. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, కారు దిగాక నడక ఎంత? ప్రార్థన జరుగుతుంటే లోపలికి వెళ్ళొచ్చా?

స్లైగో_శీను:
అందరూ యేట్స్ రాయి దగ్గర ఫొటో దిగి వెళ్ళిపోతారండీ, నాకు అదే బాధ. అదే ఆవరణలో వెయ్యేళ్ళ నాటి రాతి శిలువ ఉంది, ఆదాము హవ్వ, సింహాల మధ్య దానియేలు చెక్కారు. మా అమ్మ రోజూ బైబిల్ చదివే మనిషి, గైడు లేకుండానే ఒక్కో బొమ్మా చూపించి కథ చెప్పేసింది. చర్చి 1809లో కట్టిందే, కానీ ఆ చోట మఠం అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందునుంచీ ఉంది.

నిజం_రాజు:
అసలు ఆ సమాధిలో ఉన్నది యేట్సేనా? 1939లో ఫ్రాన్స్‌లో పోయాడు, రోక్‌బ్రూన్‌లో పాతిపెట్టారు, తర్వాత ఆ ఎముకలు తీసి అందరివాటితో కలిపేశారు, 1948లో ఏరి ఓడలో ఐర్లాండ్ పంపారు. 2015లో బయటపడ్డ ఫ్రెంచ్ కాగితాల్లో ఇదే ఉంది.

ఎంఏ_ఇంగ్లీష్:
కొడుకూ కూతురూ 1988లో పేపర్‌కి ఉత్తరం రాసి మా నాన్నవేనని చెప్పారు. వాళ్ళకంటే మీకెక్కువ తెలుసా?

నిజం_రాజు:
వాళ్ళ నమ్మకం వేరు, రుజువు వేరు. కోప్పడితే కాగితాలు మారవు.

ఎంఏ_ఇంగ్లీష్:
మా తాతగారి అస్థికలు గోదావరిలో కలిపాం. ఆయన ఏ నీళ్ళలో ఉన్నాడని ఎవరైనా అడిగితే నాకెలా ఉంటుంది? యేట్స్ ముత్తాత ఆ చర్చిలోనే పాదిరీ, తనని అక్కడి బెన్‌బుల్బెన్ కొండ కిందే పాతిపెట్టమని యేట్స్ రాసుకున్నాడు, అందుకు తెచ్చారు. వదిలెయ్యండి.

రాతిపని_12ఏళ్ళు:
పాత కట్టడాల రిపేర్లే నా పని కాబట్టి చెప్తున్నా, అక్కడి పాత రాళ్ళ మీద అక్షరాలు కనపడట్లేదని నాచు గోకొద్దు, వైర్ బ్రష్షూ బ్లీచూ అసలొద్దు, రాతి పైపొర లేచిపోతుంది. టార్చి పక్కనుంచి వాల్చి పట్టండి, నీడ పడి అక్షరం తేలుతుంది. ఒకాయన మా కళ్ళముందే తాళంచెవితో గీకాడు, నాలుగు మాటలు గట్టిగానే అన్నాను.

మదనపల్లె_మధు:
యేట్స్ కాలంనాటి ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్ మా మదనపల్లె కాలేజీలో పనిచేశారు, 1919లో టాగూర్ అక్కడికొచ్చారు. మీ నాన్నగారికి చెప్పండి, సంతోషిస్తారు.

స్లైగో_శీను:
రోడ్డు అవతల మొండి గోపురం కూడా చూడండి, 1396లో పిడుగు పడిందంటారు. ఆ ఎన్15 హైవే మీద బండ్లు స్పీడుగా వస్తాయి, దాటేటప్పుడు పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకోండి.

లక్ష్మి_డబ్లిన్:
అమ్మ నడక గురించి ఇంకా ఎవరూ చెప్పలేదండీ.

స్లైగో_శీను:
అయ్యో, సారీ అమ్మా. పార్కింగ్ చర్చి పక్కనే, సమాధి చర్చి తలుపుకి దగ్గర్లోనే, నాలుగడుగులు. ప్రార్థన అవుతుంటే బయట ఆగి, అయ్యాక లోపలికి వెళ్ళండి. గాలి మాత్రం కోసేస్తుంది, అమ్మగారికి శాలువా మర్చిపోవద్దు.