డెంటల్ చైర్ నీళ్లలో బ్యాక్టీరియా కౌంట్ తగ్గి మళ్లీ పెరుగుతోంది, ఏం చేయాలి?

మా క్లినిక్‌లో చైర్‌కి విడిగా బాటిల్ ఉన్న యూనిట్ వాడుతున్నాం. అందులో శుద్ధి చేసిన నీళ్లే పోస్తాం. ప్రతి పేషెంట్ తర్వాత హ్యాండ్‌పీస్, స్కేలర్, సిరంజి లైన్లలోంచి 20 నుంచి 30 సెకన్లు నీళ్లు వదులుతాం. అయినా ల్యాబ్ టెస్టులో మిల్లీలీటరుకి 500 సీఎఫ్‌యూ (బతికున్న బ్యాక్టీరియా లెక్క) దాటుతోంది.

సన్నటి ట్యూబుల లోపలి గోడలకి బయోఫిల్మ్ (బ్యాక్టీరియా కట్టే జిగురు పొర) పట్టేస్తుందని, నీళ్లు వదిలినంత మాత్రాన అది ఊడిరాదని తెలుసు. షాక్ ట్రీట్‌మెంట్ (ఘాటైన మందుతో లైన్లని ఒకేసారి శుభ్రం చేయడం) చేస్తే కౌంట్ బాగా పడిపోతుంది, కొన్నాళ్లకే మళ్లీ మొదటికొస్తుంది. సర్జరీలకి స్టెరైల్ సెలైన్ వేరే సిరంజితో వాడతాం కాబట్టి అక్కడ దిగులు లేదు. కానీ మామూలు క్లీనింగ్‌కి పెద్ద వయసువాళ్లు, కీమో తీసుకుంటున్నవాళ్లు కూడా వస్తారు. సూడోమోనాస్, లెజియోనెల్లా లాంటి బ్యాక్టీరియా తుంపర్లతో వాళ్ల ఊపిరితిత్తుల్లోకి వెళ్తే చాలా ప్రమాదం. నా టెన్షన్ అంతా అదే.

రోజూ బాటిల్‌లో బ్యాక్టీరియాని అదుపు చేసే ట్యాబ్లెట్ వేస్తున్నవాళ్లు షాక్ ఎన్నాళ్లకోసారి చేస్తున్నారు? పాత ట్యూబులు మొత్తం మార్పించినవాళ్లకి ఫలితం నిలిచిందా? రాత్రిపూట బాటిల్ ఖాళీ చేసి, లైన్లు గాలితో ఆరబెడితే తేడా కనిపించిందా? ఇంకో సందేహం, శాంపిల్ ఒక్కో లైన్ నుంచి విడిగా తీయడం మంచిదా, అన్నీ కలిపి పంపినా సరిపోతుందా? చేసి చూసినవాళ్లు దయచేసి వివరంగా చెప్పండి.