జార్నెల్ హ్యూస్ ఎవరి రన్నర్? అంగ్విలాదా, బ్రిటన్‌దా?

లేన్ నాలుగు:
2023 జూన్‌లో న్యూయార్క్‌లో జార్నెల్ హ్యూస్ 100 మీటర్లు 9.83 సెకన్లలో పరిగెత్తాడు. లిన్‌ఫర్డ్ క్రిస్టీ పేరుమీద 1993 నుంచి చెక్కుచెదరకుండా ఉన్న 9.87 బ్రిటిష్ రికార్డు బద్దలైంది. ఆ రోజు పొద్దున్నే 9.83 అని రాసి పెట్టుకున్నాడట! మర్నెల లండన్‌లో 200 మీటర్ల రికార్డు కూడా 19.73తో కొట్టేశాడు. కానీ అతను పుట్టింది కరీబియన్‌లోని అంగ్విలాలో, రాటుదేలింది జమైకాలో కోచ్ గ్లెన్ మిల్స్ దగ్గర. ఆ పరుగు బ్రిటన్ ఖాతాలో పడటానికి నాకు మనసొప్పడం లేదు. డబ్బున్న దేశం చిన్న దీవి బిడ్డను ఎగరేసుకుపోయింది.

ఫోటోఫినిష్:
ఎవరూ ఎగరేసుకుపోలేదండీ. అంగ్విలా బ్రిటన్ పాలనలోని భూభాగం, జనాభా ఓ పదిహేను వేలు. దానికి సొంత ఒలింపిక్ కమిటీ లేదు. స్వతంత్ర దేశాలనే చేర్చుకోవాలని 1990లలో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం నియమం బిగించింది. అంతకుముందే చేరిన బెర్ముడా, కేమన్ దీవులు మాత్రం ఇప్పటికీ సొంత జెండాతో వస్తున్నాయి. అవీ బ్రిటన్ కింద ఉన్నవే కదా! ఆలస్యంగా తలుపు తట్టినందుకు అంగ్విలా బయట ఉండిపోయింది. కుర్రాడిగా కరిఫ్టా అనే కరీబియన్ జూనియర్ అథ్లెటిక్స్ పోటీల్లో హ్యూస్ అంగ్విలా తరఫునే పరిగెత్తాడు. ఒలింపిక్స్ కావాలంటే 2015లో బ్రిటన్‌కు మారక తప్పలేదు. లాంగ్‌జంపర్ షారా ప్రాక్టర్‌దీ ఇదే కథ.

లేన్ నాలుగు:
ఒలింపిక్స్ వరకు ఒప్పుకుంటాను. కామన్వెల్త్ క్రీడల సంగతేంటి? అక్కడ అంగ్విలాకు సొంత జట్టు ఉంది. అయినా 2018లో గోల్డ్‌కోస్ట్‌లో ఇంగ్లండ్ తరఫున దిగాడు. 200 మీటర్ల ఫైనల్లో ట్రినిడాడ్ కుర్రాడు జెరీమ్ రిచర్డ్స్‌తో గీత దగ్గర నువ్వా నేనా అన్నట్టు పోటీ, ఇద్దరికీ 20.12. ముందు హ్యూస్‌నే విజేతగా ప్రకటించారు. ఆఖరి మీటర్లలో చెయ్యి రిచర్డ్స్‌కు తగిలిందని తర్వాత అనర్హుణ్ని చేశారు. బంగారం పోవడం వేరే మాట. ఆ రోజు ఒంటిమీద అంగ్విలా జెర్సీ ఉంటే ఆ దీవిలో ఎంత సంబరంగా చూసుండేవారు!

ఫోటోఫినిష్:
ఈ ప్రశ్న గట్టిదే. కానీ రిలే గుర్తు తెచ్చుకోండి. బర్మింగ్‌హామ్‌లో 2022లో 4x100 బంగారం గెలిచిన ఇంగ్లండ్ జట్టులో అతనున్నాడు. ఏడాదంతా ఎవరితో బ్యాటన్ మార్చుకుంటున్నాడో వాళ్లను వదిలేసి ఒక్క పోటీకి ఇంకో జట్టులోకి వెళ్లమనడం నాకు సబబుగా లేదు. అతను బ్రిటన్ వల్ల సుఖపడింది మాత్రమే చూడకండి. టోక్యో ఒలింపిక్స్‌లో 100 మీటర్ల ఫైనల్‌కు చేరి, పిక్క పట్టేయడంతో ముందే కదిలి ఫాల్స్ స్టార్ట్‌తో బయటికొచ్చాడు. అదే టోక్యోలో రిలే వెండి వచ్చింది. సహచరుడొకరు డోపింగ్‌లో దొరికేసరికి నలుగురి పతకాలూ వెనక్కిచ్చేయాల్సి వచ్చింది. పారిస్‌లో మళ్లీ అదే జట్టు కోసం పరిగెత్తి కంచు తెచ్చాడు. అలాంటివాణ్ని అద్దె రన్నర్ అంటే నేనొప్పుకోను.

బ్యాటన్:
ఇద్దరూ రన్నర్‌నే నిలదీస్తున్నారు. నేనైతే ఒలింపిక్ సంఘాన్ని అడుగుతాను: బెర్ముడాకు ఇచ్చింది అంగ్విలాకు ఎందుకివ్వరు? బ్రిటన్ కిందే ఉన్న టర్క్స్ అండ్ కైకోస్ దీవుల స్ప్రింటర్ డెలానో విలియమ్స్ కూడా ఇలాగే బ్రిటన్‌కు మారాడు. తలుపు తెరిచి, అప్పుడూ వీళ్లు బ్రిటన్‌నే ఎంచుకుంటే అప్పుడు తప్పుపడదాం.