అణు సంస్థలో ట్రైనీ ఉద్యోగం: అటెస్టేషన్ ఫారంలో పాత కేసు రాయాలా?

కొత్తపేట కుర్రాడు (గుంటూరు)
అందరికీ నమస్కారం. మా తమ్ముడు డిప్లొమా మెకానికల్. అణు ఇంధనం తయారుచేసే ఒక కేంద్ర సంస్థలో ట్రైనీగా సెలెక్ట్ అయ్యాడు. ఇప్పుడు అటెస్టేషన్ ఫారం, దాంతోపాటు సెక్యూరిటీ ప్రశ్నల ఫారం నింపమన్నారు. పాలిటెక్నిక్‌లో ఉండగా హాస్టల్ గొడవలో వాడి మీద కేసు పడింది, తర్వాత లోక్ అదాలత్‌లో రాజీ అయింది. రాస్తే ఉద్యోగం పోతుందేమోనని ఇంట్లో ఒకటే టెన్షన్. "అయిపోయిన కేసు ఎందుకు తవ్వుకోవడంరా" అంటున్నారు నాన్న. తెలిసినవాళ్లు చెప్పండి.

పటమట పెద్దాయన
బాబూ, రాయించు. రెండో ఆలోచన వద్దు. నేను అణుశక్తి శాఖ కింద పనిచేసి రిటైరైనవాణ్ణి, ఈ ఫారాలు చాలా చూశాను. మనవాళ్లు "శిక్ష పడలేదు కదా" అని గీత గీసేస్తారు. ఫారంలో అడిగేది శిక్ష ఒక్కటే కాదు. ఎప్పుడైనా అరెస్టయ్యావా, ప్రాసిక్యూషన్ జరిగిందా, జరిమానా పడిందా, ఇప్పుడేమైనా కేసు నడుస్తోందా అని విడివిడిగా ఉంటుంది. దాస్తే అనర్హత అని ఫారం పైనే హెచ్చరిక కూడా ఉంటుంది. స్టేషన్ రికార్డులో ఎఫ్ఐఆర్ ఎలాగూ ఉంటుంది. అక్కడ ఉన్నది ఇక్కడ లేకపోతే, గొడవ కేసు కాస్తా అబద్ధం కేసు అవుతుంది.

2016లో సుప్రీంకోర్టు అవతార్ సింగ్ కేసులో ఈ విషయమే తేల్చింది. కుర్రతనంలో నినాదాలు చేయడంలాంటి చిన్న కేసును దాచినా, సంస్థ తన విచక్షణతో క్షమించవచ్చు అంది. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. ముగిసిపోయిన కేసును నిజాయితీగా రాసినా, పూర్వాపరాలు చూసుకునే హక్కు సంస్థకు ఉంటుంది, ఉద్యోగం ఇచ్చి తీరాలని బలవంతం చేయలేం. అంటే రాస్తే గ్యారంటీ ఏమీ లేదు. దాస్తే మాత్రం చేరిన ఏళ్ల తర్వాత కూడా మెడ మీద కత్తే.

అడ్రస్ సంగతి కూడా చూసుకో. గత అయిదేళ్లలో ఏడాదికి మించి ఎక్కడున్నా రాయమంటారు, హాస్టలైనా సరే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి కదా. సత్తెనపల్లి పల్నాడులోకి, రేపల్లె బాపట్లలోకి, విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లాయి. ఆధార్‌లో పాత జిల్లా, ఫారంలో కొత్త జిల్లా ఉంటే కాగితం తప్పు ఆఫీసుకు పోయి తిరిగొస్తుంది. ఇంటి అడ్రస్ కింద పోలీస్ స్టేషన్ పేరు కూడా స్పష్టంగా రాయండి.

లక్ష్మీపురం ఫిజిసిస్ట్
అంకుల్ చెప్పినదాంట్లో తేడా లేదు. ఒక్కటి కలుపుతాను. నేను గుంటూరులో క్యాన్సర్ ఆస్పత్రిలో పనిచేస్తాను. మా దగ్గర ఉండేది అణు ఇంధనం కాదు, బ్రాకీథెరపీకి (రేడియేషన్ సోర్స్‌ను కణితి దగ్గరే పెట్టి చేసే చికిత్స) వాడే ఇరిడియం-192. దాని అర్ధాయువు 74 రోజులే కాబట్టి కొన్ని నెలలకోసారి కొత్త సోర్స్ తెప్పించాలి. ఇక్కడ ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ బోర్డు) లైసెన్సు సంస్థకు, ఆర్‌ఎస్‌ఓ (రేడియేషన్ భద్రతా అధికారి) ఆమోదం మనిషికి. 2004 రేడియేషన్ ప్రొటెక్షన్ రూల్స్ కింద నడుస్తుంది. మీ తమ్ముడికి జరిగేంత లోతైన విచారణ నాకు జరగలేదు. కానీ సోర్స్ వచ్చిన రోజు చూడాలి మా హడావిడి! పెట్టె సీలు, సీరియల్ నంబరు, రేడియేషన్ కొలిచే సర్వే మీటర్ రీడింగు, రిజిస్టరులో సంతకాలు. ఇదంతా అయ్యేదాకా గదిలోకి ఇంకెవరినీ రానివ్వం.

ఇంత పట్టింపు ఎందుకో కొత్తవాళ్లకు అర్థం కాదు. 2010లో ఢిల్లీ యూనివర్సిటీ పాత గామా ఇర్రేడియేటర్‌ను (గామా కిరణాలు ప్రసరింపజేసే యంత్రం) వేలంలో తుక్కు కింద అమ్మేస్తే మాయాపురిలో ఒక మనిషి చనిపోయాడు. అందులో ఉన్నది కోబాల్ట్-60.

తెనాలి ఎన్‌డీటీ
నాది ఇండస్ట్రియల్ రేడియోగ్రఫీ, అంటే గామా కిరణాలతో వెల్డింగుల లోపాలు ఫోటో తీసే పని. ఇబ్రహీంపట్నం థర్మల్ వైపు బాయిలర్ ట్యూబుల వెల్డింగులకు షూటింగ్ ఎక్కువ నైట్ షిఫ్టుల్లోనే. మా కెమెరాల్లో చాలావాటికి లోపల కిరణాలను ఆపే కవచం డిప్లీటెడ్ యురేనియం (రేడియోధార్మికత తగ్గిన బరువైన యురేనియం). అరచేతుల మధ్య పట్టేంత ఉన్నా ఎత్తితే తెలుస్తుంది బరువు. పని అయ్యాక కెమెరాను పిట్‌లో (దాన్ని దాచే గొయ్యి) పెట్టి తాళం, లాగ్ బుక్కులో టైమ్, సంతకం. కాంట్రాక్టర్ కింద చేరేటప్పుడు నన్ను పోలీస్ సర్టిఫికెట్ అడిగారు, అంతే. అన్నా, నా డౌట్ ఏంటంటే అమెరికాలో ఇదే పనికి క్యూ క్లియరెన్స్ (అక్కడి ప్రభుత్వ భద్రతా అనుమతి) కావాలంటారు, నిజమేనా?

బ్రాడీపేట టు డల్లాస్
కాదు తమ్ముడూ. క్యూ, ఎల్ అనేవి రహస్య సమాచారానికి, ఆయుధాల స్థాయి పదార్థాలకు సంబంధించినవి. పౌరసత్వం లేనిదే దాదాపు దొరకవు. నేను ఇక్కడ గామా నైఫ్ (మెదడు కణితులకు రేడియేషన్ ఇచ్చే యంత్రం) దగ్గర పనిచేస్తాను, అదీ కోబాల్ట్-60. దానికి 10 సీఎఫ్ఆర్ పార్ట్ 37 అనే అమెరికా ప్రభుత్వ రూలు వర్తిస్తుంది. వేలిముద్రలు ఎఫ్‌బీఐకి పంపుతారు. గత 7 ఏళ్ల ఉద్యోగం, చదువు, ప్రవర్తన ఆరా తీస్తారు. పదేళ్లకోసారి మళ్లీ క్రిమినల్ రికార్డు తిరగేస్తారు. పౌరసత్వం షరతు లేదు. నాకు ఆశ్చర్యం వేసింది ఏంటంటే, చివరికి సరే అనేది ప్రభుత్వం కాదు, ఆస్పత్రి నియమించిన రివ్యూయింగ్ అఫిషియల్. ఆయన ఒప్పుకోకపోతే పక్కన మనిషి తోడు లేకుండా ఆ గదిలోకి అడుగుపెట్టనివ్వరు. నీ కెమెరా ఇక్కడైతే సాధారణంగా ఆ రూలు కిందికే వచ్చేది. అణు విద్యుత్ కేంద్రాల్లో ఇంకా గట్టిగా ఉంటుంది. మానసిక పరీక్ష, ముందు చెప్పకుండా డ్రగ్, ఆల్కహాల్ టెస్టులు.

కొత్తపేట కుర్రాడు (గుంటూరు)
అందరికీ థాంక్స్. నాన్నకు ఇదంతా చదివి వినిపించా, ఒప్పుకున్నారు. ఇంకొకటి, ఎంక్వయిరీకి వచ్చే ఎస్‌బీ (పోలీసు స్పెషల్ బ్రాంచ్) కానిస్టేబుల్ ఏం అడుగుతాడు? పక్కింటి వాళ్లతో మాకు గోడ తగాదా ఉంది.

సత్యనారాయణపురం సుబ్బలక్ష్మి
మా అబ్బాయికి వచ్చారు. ఎన్నాళ్లనుంచి ఉంటున్నారు, ఎవరెవరు ఉంటారు, పార్టీ సంఘాల్లో తిరుగుతాడా అని అడిగి ఇద్దరు ఇరుగుపొరుగు పేర్లు రాసుకున్నారు. గోడ తగాదాతో ఏమీ కాదు, మీకు తెలిసిన పెద్దమనుషుల పేర్లు మీరే చెప్పండి. అద్దింట్లో ఉంటే మాత్రం ఓనరుకు ముందే ఒక మాట చెప్పండి. మా ఓనరు "నాకు తెలీదు" అని తలుపేసుకున్నాడు, రిపోర్టు నెల ఆలస్యమైంది.

పటమట పెద్దాయన
ఫారంలో కేసు నంబరు, సంవత్సరం, స్టేషన్, కోర్టు పేరు, రాజీ అయిన తేదీ ఒకే వాక్యంలో రాయండి. కథ వద్దు. కోర్టులో కాపీ అప్లికేషన్ పెట్టి లోక్ అదాలత్ అవార్డు సర్టిఫైడ్ కాపీ తీసుకుని ఫారానికి జతచేయండి. జిరాక్సు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి, ఎస్‌బీ వాళ్లూ అడుగుతారు.