గిటార్ నెక్ మెరుపు తగ్గించి తేనె రంగు తేవాలి: పాత ఫినిష్ (పైపూత) మొత్తం తీసేయాలా?

ఆరో తీగ

అందరికీ నమస్కారం. నా దగ్గర 11 ఏళ్లుగా ఒకే ఎలక్ట్రిక్ గిటార్ ఉంది. బోల్ట్-ఆన్ నెక్ (బాడీకి స్క్రూలతో బిగించే పొడవాటి కాడ), మేపుల్ చెక్క, పైన వేళ్లతో తీగలు నొక్కే రోజ్‌వుడ్ ఫ్రెట్‌బోర్డ్. బాడీ కొన్నప్పుడు తెల్లగా ఉండేది, ఇన్నేళ్లలో మీగడ రంగుకి తిరిగింది. నెక్ మాత్రం కొన్న రోజు ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉంది. పాలిపోయిన తెలుపు, దాని మీద అద్దంలాంటి మెరుపు. రెండూ కలిపి చూస్తే వేరే గిటార్ నెక్ తెచ్చి దీనికి బిగించారా అనిపిస్తుంది. పాత గిటార్లలో కనిపించే ఆ తేనె రంగు దీనికి తేవాలని ఎన్నాళ్లుగానో ఉంది.

రంగు ఒక్కటే కాదు. నాకు అరచేతులు బాగా చెమట పడతాయి. 3వ ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దగ్గర్నుంచి 10వ ఫ్రెట్‌కి ఒక్కసారిగా వెళ్లాల్సి వచ్చినప్పుడు బొటనవేలు ఆ మెరుపుకి పట్టేస్తుంది. సగం దూరంలో ఆగి, చిన్న కుదుపుతో కదులుతుంది. ఆ కుదుపు వాయింపులో వినిపిస్తుంది కూడా. అందుకే వెనక భాగం మెరుపు లేకుండా మ్యాట్‌గా, పొడిగా ఉండాలి.

పోయిన ఆదివారం ఆగలేక 220 నంబర్ సాండ్‌పేపర్‌తో 5వ ఫ్రెట్ వెనక కాస్త రుద్ది చూశాను. బొటనవేలంత చోట తెల్లటి గీతల మచ్చ పడింది. ఆ మచ్చకి ఒక అంచున, నెక్ వంపు తిరిగేచోట, రంగు తేడాగా కనిపించింది. తడివేలు పెట్టి చూస్తే అక్కడ మాత్రం ముదురుగా మారి, ఆరాక మళ్లీ మామూలైంది. అంటే లోపలి చెక్క బయటపడిందన్నమాట. అప్పటినుంచి టెన్షన్‌గా ఉంది, మళ్లీ పేపర్ ముట్టుకోలేదు.

నెక్ విప్పి, బాడీలోకి దిగే హీల్ భాగం మీద దూదిపుల్లతో అసిటోన్ పెట్టి ఒక నిమిషం చూశాను. మెత్తబడలేదు, జిగురుగా కాలేదు, దూదికి ఏమీ అంటలేదు.

ఇప్పుడు మొత్తం చెక్క వచ్చేదాకా గీకేసి, చెక్కకే రంగు పట్టించడం మంచిదా? లేక ఉన్నదాని మీదే రంగు వేయొచ్చా? హెడ్‌స్టాక్ (నెక్ చివర తీగలు చుట్టే భాగం) మీద లోగో ఉంది, అది పోకూడదు. ఆ బయటపడ్డ చోటుని ఏం చేయాలో కూడా చెప్పండి.

చెక్కపొడి

ఆపేసి మంచి పని చేశారండి. ఇక 220 జోలికి వెళ్లకండి. అసిటోన్‌కి కదల్లేదంటే మీ నెక్ మీద ఉన్నది పాలీ ఫినిష్, పాలీయురెథేన్ గానీ పాలియెస్టర్ గానీ. నైట్రోసెల్యులోజ్ లాకర్ (నైట్రో అంటారు, పాత గిటార్ల పైపూత) అయితే ఆ నిమిషంలోనే జిగురెక్కేది. పాలీని గీకి తీయడం చాలా కష్టం. ఒకచోట గట్టిగా నిలుస్తుంది, పక్కనే హఠాత్తుగా పోతుంది. ఆ లోపల నెక్ గుండ్రదనం చెడుతుంది. చూస్తే తెలియకపోవచ్చు గానీ అరచేతికి ప్రతి పల్లం తెలుస్తుంది. అందుకని నా సలహా ఒక్కటే: ఉన్నది ఉండనివ్వండి, దాని మీదే పని చేయండి.

చెక్కకే రంగు పట్టించాలన్న ఆలోచన కూడా మానుకోండి. మేపుల్ రంగుని సమానంగా పీల్చదు. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ తాగి మచ్చలు మచ్చలుగా వస్తుంది. మీకు నచ్చిన ఆ పాత నెక్‌ల తేనె రంగు చెక్కలో కంటే పైనున్న లాకర్‌లోనే ఎక్కువ. నైట్రో కాలం గడిచేకొద్దీ పచ్చబడుతుంది. ఫెండర్ గిటార్ కంపెనీ 1968లో పాలియెస్టర్‌కి మారాక వచ్చిన నెక్‌లు కొన్ని చూడండి, హెడ్‌స్టాక్ ముందు భాగం ముదురు తేనె రంగులో ఉంటుంది, వెనక మాత్రం లేతగా ఉండిపోతుంది. లోగో స్టిక్కర్‌కి పాలియెస్టర్ పడక, ముందు వైపు నైట్రోనే ఉంచారు. ఒకే చెక్క, ఒకే వయసు, రెండు రంగులు. కాబట్టి మీరూ రంగుని పై కోటులోనే పెట్టాలి.

ఇక మెరుపు సంగతి. మెరుపుకీ కోటు మందానికీ సంబంధం లేదు. పైపొర నున్నగా ఉంటే వెలుగు ఒకే వైపు తిరిగి వస్తుంది, సన్నటి గీతలుంటే చెదిరిపోతుంది. ఆ రెండోదే మ్యాట్. చెమట చేతికి అంటుకోకపోవడం కూడా ఆ గీతల వల్లే, వేలు మొత్తంగా ఆనదు. అంటే మీకు కావలసిన రెండింటిలో స్పర్శ కోసం పెద్దగా ఏమీ తీయనక్కర్లేదు. రంగు ముందు, మ్యాట్ చివర. ఈ వరస తప్పితే మొదట చేసింది వృథా.

పద్ధతి ఇదీ. ట్యూనర్లు (తీగలు బిగించే మరలు) విప్పి, నెక్‌ని జిడ్డు కరిగించే నాఫ్తాతో తుడవండి. పదేళ్ల చెమట, పాలిష్ మైనం పోకుండా రుద్దితే అవి గీతల్లోకి దూరి పైకోటుని పట్టనివ్వవు. ఫ్రెట్‌బోర్డ్ అంచు పొడవునా, నట్ (హెడ్‌స్టాక్ దగ్గర తీగలు ఆనే చిన్న పట్టీ) చుట్టూ టేప్ వేయండి. తర్వాత 400, ఆపైన 600 నంబర్ పేపర్‌తో (నంబర్ పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది), నెక్ పొడవు వెంటే, మెరుపు పోయేంత వరకే రుద్దండి. బయటపడ్డ చోట మాత్రం ముందుగా మైనం తీసిన తెల్ల షెలాక్ (లక్క నుంచి తీసే, ఆల్కహాల్‌లో కరిగే పూత) రెండు పల్చటి పూతలు వేయండి. అది చెక్కకీ పడుతుంది, పాలీకీ పడుతుంది. అలా మూయకపోతే ఆ ఒక్క చోటే రంగు ఎక్కువ తాగి జీవితాంతం కనిపిస్తుంది. ఆరాక 600తో సమం చేసి, ఆంబర్ (తేనె పసుపు) రంగు కలిపిన లాకర్‌ని స్ప్రేతో చాలా పల్చగా, నాలుగైదు దఫాలుగా వేయాలి.

లోగో గురించి: అంచు మీద గోరు పెట్టి లాగి చూడండి. గోటికి మెట్టు తగిలితే స్టిక్కర్ ఫినిష్ పైన ఉన్నట్టు, దాని మీద పేపర్ అసలు తగలకూడదు. ఏమీ తగలకపోతే లోపల ఉన్నట్టు, బూడిద రంగు స్కాచ్‌బ్రైట్‌తో మెల్లగా నాలుగు సార్లు తుడిస్తే చాలు.

నాలుగు తీగలు

నేను బేస్ వాయిస్తాను. పైన చెప్పినదానికి కాస్త భిన్నంగా చెప్తాను, ఎందుకంటే నా బేస్ నెక్ వెనక పాలీ పూర్తిగా తీసేసి ట్రూ-ఆయిల్ (తుపాకీ కర్రకి పట్టించే నూనె) పట్టించాను. మ్యూజిక్ మ్యాన్ కంపెనీ నెక్‌లకి వాడేది కూడా ఈ గన్‌స్టాక్ ఆయిల్, మైనం పద్ధతే. ఒక్కసారి ఆ స్పర్శ అలవాటైతే ఇంకేదీ నచ్చదండి. చెక్కనే పట్టుకున్నట్టు ఉంటుంది. రంగు కూడా కొంచెం వెచ్చబడుతుంది, అయితే తేనె దాకా రాదు.

కష్టం కూడా చెప్పాలి. గీకడానికి నాకు మూడు వారాంతాలు పట్టింది. నూనె పూత పల్చన, చెమట లోపలికి దిగుతుంది. బొటనవేలు ఎక్కువ ఆనే మొదటి నాలుగు ఫ్రెట్ల వెనక ఏడాదిలోనే బూడిద రంగు ఛాయ వచ్చింది. శుభ్రం చేసి మళ్లీ నూనె, మైనం పట్టిస్తూ ఉండాలి. అరచేతులు బాగా చెమట పడతాయన్నారు కదా, మీకు ఇంకా త్వరగా వస్తుంది.

ఎవరు నూనె వాడినా ఇది మాత్రం మర్చిపోకండి: ఆ తడిసిన గుడ్డని ఉండచుట్టి పడేయొద్దు. ఆరేటప్పుడు వేడి పుట్టి దానంతటదే అంటుకోగలదు. విప్పి పరిచి బయట ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచి ఉంచండి.

ఆరో తీగ

ఇద్దరికీ చాలా థాంక్స్. బూడిద ఛాయ మాట విన్నాక నూనె ఆలోచన మానేశాను. లోగో అంచు గోటికి తగల్లేదు, లోపలే ఉన్నట్టుంది.

చెక్కపొడి గారూ, ఒక ఇబ్బంది. నాకు స్ప్రే చేసుకునే చోటు లేదు, ఇంట్లో చిన్న పాప ఉంది. లాకర్ పొగ ఆమె దగ్గరికి వెళ్లడం నాకు ఇష్టం లేదు. స్ప్రే లేకుండా, గుడ్డతో తుడిచి రంగు తేగలమా?

చెక్కపొడి

తేగలరు. ఆంబర్ షెలాక్ వాడండి, మైనం తీసినదే. 100 మిల్లీలీటర్ల స్వచ్ఛమైన ఆల్కహాల్‌కి 12 గ్రాముల షెలాక్ రేకులు వేసి రాత్రంతా కరగనివ్వండి, పల్చటి గుడ్డలో వడకట్టండి. నీళ్లు కలిసిన స్పిరిట్ వద్దు, పూత పాలిపోయినట్టు తెల్లబడుతుంది. ఏళ్ల నుంచి పడి ఉన్న సీసా కూడా వద్దు, పాతబడ్డ షెలాక్ సరిగ్గా గట్టిపడదు. గాజు మీద చుక్క వేసి చూడండి. మర్నాటికి గోటికి గట్టిగా తగలాలి. ఆల్కహాల్ ఆవిరికీ మంట దగ్గర ఉండకూడదు, కిటికీ తెరిచే చేయండి.

ఊలు మీద నూలుగుడ్డ చుట్టి నిమ్మకాయంత ప్యాడ్ చేసుకోండి. కారేంత కాదు, నొక్కితే చెమ్మ తగిలేంత తడి చాలు. హీల్ నుంచి హెడ్‌స్టాక్ దాకా ఒకే లాగుడు. మధ్యలో ఆగితే, వెనక్కి వస్తే, కింద ఆరుతున్న పూత కరిగి గుడ్డకి పట్టేస్తుంది. పక్క లాగుడు, దాని పక్కది, అంతే. గంట ఆరాక రెండో పూత. ఒక్కో పూతకీ బాడీ పక్కన పెట్టి పగటి వెలుతురులో చూడండి. బల్బు కింద అన్ని పసుపులూ ఒకేలా ఉంటాయి.

షెలాక్‌నే పైకోటుగా వదిలేయకండి. చెమటకి అది ఆగదు. దాని మీద గుడ్డతో తుడిచే రకం శాటిన్ (మెరుపు తక్కువ) పాలీయురెథేన్ రెండు పూతలు రావాలి. మైనం తీసిన షెలాక్ అని పట్టుబట్టింది ఇందుకే, మైనం ఉంటే పాలీ పట్టదు. నూనెతో చేసిన పాలీ అయితే అది కూడా కొంచెం పసుపు కలుపుతుంది, కాబట్టి మీకు కావలసిన రంగుకి ఒక మెట్టు ముందే షెలాక్ ఆపేయాలి. పూతల మధ్య రాత్రంతా ఆరనివ్వండి.

హీల్ మీద, బాడీలో కూర్చునే భాగానికి ఏ పూతా వద్దు. కొంచెం మందం పెరిగినా నెక్ పాకెట్‌లో బిగుసుకుని, చుట్టూ ఉన్న బాడీ పెయింట్‌ని చీల్చేస్తుంది. అక్కడ రంగు పరీక్షించుకోండి, కానీ తర్వాత ఆల్కహాల్‌తో తుడిచేయండి.

ఆరో తీగ

ఆరు వారాల తర్వాత వస్తున్నాను. పూర్తయింది, నిన్ననే తీగలు ఎక్కించాను.

మొదటి పూత వేశాక ఏమీ జరగనట్టే ఉంది. రెండోది ఆరాక గడ్డిపరక లాంటి లేత పసుపు వచ్చింది. అక్కడ ఆగాల్సింది. నాలుగోది వేసి మర్నాడు పొద్దున బాడీ పక్కన పెడితే నెక్ నారింజ రంగులో ఉంది. గుండె జారిపోయింది. కానీ ఇది షెలాక్ కదా అని గుర్తొచ్చి, గుడ్డకి ఆల్కహాల్ అద్ది తుడిస్తే పదిహేను నిమిషాల్లో మొత్తం దిగివచ్చింది. మళ్లీ మొదలుపెట్టి ఈసారి రెండున్నర దగ్గర ఆపాను. "సగం" ఎలాగంటే, మూడో పూతకి షెలాక్‌లో అంతే ఆల్కహాల్ కలిపి పల్చన చేశాను. పాలీ పడ్డాక అది ఇంకొంచెం వెచ్చబడి, బాడీ మీగడ రంగుకి సరిగ్గా జత కుదిరింది. స్ప్రే అయి ఉంటే ఆ నారింజ రంగుని గీకి తీయాల్సి వచ్చేది, ఇప్పుడు తలుచుకుంటే స్ప్రే లేకపోవడమే మంచిదైంది.

టేప్‌ని పూత ఇంకా కాస్త మెత్తగా ఉండగానే, వెనక్కి మడిచి మెల్లగా లాగాను. రోజ్‌వుడ్ అంచు వెంట గీత దారం పెట్టి గీసినట్టు వచ్చింది. 9వ ఫ్రెట్ దగ్గర ఒక్కచోట మాత్రం షెలాక్ టేప్ కిందికి పాకింది. బ్లేడు నిలువుగా పట్టి గీకితే పొడిలా రాలిపోయింది.

5వ ఫ్రెట్ వెనక మచ్చ ఉందా అంటే ఉంది. తెల్ల షెలాక్ రెండు పూతలు వేసినా, కిటికీ వెలుగులో ఏటవాలుగా పట్టుకుంటే కోడిగుడ్డు ఆకారంలో ఒక నీడ కనిపిస్తుంది. తెలిసినవాళ్లకే తెలుస్తుంది. చేతికి మాత్రం ఏమీ తగలదు, కళ్లు మూసుకుని పదిసార్లు రాసి చూశాను.

అసలు ఆనందం వాయింపులో. 3 నుంచి 10కి వెళ్లేటప్పుడు ఆ కుదుపు లేదు. చెమట పట్టినా బొటనవేలు గుడ్డ మీద జారినట్టు వెళ్తోంది.

ఒకటే సందేహం. చివర్లో 0000 స్టీల్ ఊల్‌తో రుద్దాను. నెక్ విడిగా ఉన్నప్పుడే, వేరే గదిలో చేశాను, పికప్‌ల (తీగల కదలికని పట్టే భాగాల) అయస్కాంతానికి ఇనుప పొడి పట్టకూడదని. ఇలా రుద్దిన మ్యాట్ మళ్లీ మెరుపెక్కుతుందా?

చెక్కపొడి

ఎక్కుతుందండి. ఎక్కువ ఆనేచోట అరచేయే పాలిష్ గుడ్డ అవుతుంది. ముందుగా 1 నుంచి 5వ ఫ్రెట్ల వెనక కనిపిస్తుంది. అప్పుడు స్టీల్ ఊల్ అక్కర్లేదు, నెక్ బిగించే ఉంటుంది కాబట్టి పొడి పికప్‌లకే వెళ్తుంది. బూడిద రంగు స్కాచ్‌బ్రైట్‌తో పొడవు వెంట ఐదారు లాగుళ్లు లాగండి, చాలు. మీ పాలీ రెండే పూతలు, కింద షెలాక్ ఉంది, కాబట్టి ప్రతి నెలా రుద్దకండి, వేలికి పట్టినట్టు అనిపించినప్పుడు మాత్రమే.

తీగలు నిన్ననే ఎక్కించానన్నారు. రెండు మూడు రోజులు చూసి, నెక్ వంపు మళ్లీ ఒకసారి సరిచూసుకోండి. అన్ని వారాలు తీగల బిగువు లేకుండా ఉంది కదా, ట్రస్ రాడ్ (నెక్ వంపుని సరిచేసే లోపలి కడ్డీ) కొంచెం తిప్పాల్సి రావచ్చు. ఇక ముందెప్పుడైనా నెక్ విప్పితే, బిగించేటప్పుడు స్క్రూని ముందు వెనక్కి తిప్పండి. పాత గాడిలోకి టక్కున దిగుతుంది, అప్పుడు ముందుకు బిగించండి. లేకపోతే కొత్త గాడి కోసుకుని చెక్క వదులవుతుంది.

నాలుగు తీగలు

ఆ నీడ ఉన్నచోటు ఫోటో తీసి పెట్టండి, ఏటవాలు వెలుగులో. నా బేస్ హెడ్‌స్టాక్ దగ్గర పాలీకీ చెక్కకీ మధ్య అంచు ఒకటి మిగిలిపోయింది, దాన్ని కూడా తెల్ల షెలాక్‌తో మూయాలని చూస్తున్నాను. ఎంతవరకు కనిపిస్తుందో ముందు చూసుకుంటాను.