స్కౌట్ నియమాలు బట్టీ పట్టించకుండా నేర్పేదెలా?

భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ యూనిట్లు నడిపేవారికి ఒక ప్రశ్న. పిల్లలు ప్రతిజ్ఞ, 9 నియమాలు తడుముకోకుండా అప్పజెప్తారు. పొదుపు నియమాన్ని క్యాంపులో ఎలా పాటిస్తావని అడిగితే మాత్రం నోరు మెదపరు. చిక్కంతా పెట్రోల్ పద్ధతి (పిల్లల్ని చిన్న జట్లుగా చేసి నడిపే తీరు) దగ్గరే: 6 నుంచి 8 మంది ఉండే జట్టుకు లీడర్ పేరుకే, నిర్ణయాలన్నీ స్కౌట్ మాస్టర్‌వే. 1907లో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో స్కౌట్ ఉద్యమ స్థాపకుడు బేడెన్ పావెల్ కుర్రాళ్లను జట్లుగా విడదీసి బాధ్యత వాళ్లకే అప్పగించాడు. ఉద్యమానికి ప్రాణం అదే కదా!

నెలకొక నియమం తీసుకుని, దానికి తగ్గ పని జట్టే ఎంచుకునేలా చేయాలని ఆలోచన. పొదుపు నెలలో క్యాంపు వంటకు బియ్యం, పప్పు, నూనె కొలిచి లెక్క రాసేది పిల్లలే. ఇలా చేసినవారున్నారా? మిగిలిన అన్నం ఎంతో కూడా రాయించారా? జట్టు లీడర్లు కూర్చుని నిర్ణయాలు తీసుకునే కోర్ట్ ఆఫ్ ఆనర్‌లో పెద్దలు మధ్యలో కల్పించుకోకుండా ఎలా ఆపారు?