ప్రతిసారీ ఐదో వారంలోనే ఎందుకు ఆగిపోతున్నాను?

ప్రశ్న (మెట్లదారి):

నా వయసు 44. రోజంతా కూర్చుని చేసే ఉద్యోగం. గత మూడేళ్లలో నాలుగుసార్లు వ్యాయామం మొదలుపెట్టాను. నాలుగుసార్లూ ఐదారు వారాలకే ఆగిపోయింది. మొదటి వారంలో రెండు కిలోలు తగ్గుతాను. ఆ ఉత్సాహంలో పరుగు దూరం పెంచుతాను. మూడో వారానికి బరువు కదలడం మానేస్తుంది, తిండి ఇంకా తగ్గిస్తాను. ఐదో వారానికి మోకాలి చిప్ప కింద నొప్పి మొదలై మెట్లు దిగడమే కష్టమవుతుంది. వైద్యుడికి చూపించుకున్నాను. ఎముకకు ఏమీ కాలేదని, కొన్నాళ్లు పరుగు ఆపమని చెప్పారు. ఇప్పుడు నొప్పి చాలావరకు తగ్గింది. ఐదోసారి మొదలుపెట్టాలని ఉంది, కానీ మళ్లీ అదే జరుగుతుందని భయం. రోజుకు పదివేల అడుగులు నడవాల్సిందేనా? పొట్ట ఒక్కటే తగ్గే వ్యాయామాలు ఉన్నాయా?

జవాబు (నిదానం):

మీ ప్రశ్న చదువుతుంటే ఎనిమిదేళ్ల కిందటి నేను గుర్తొచ్చాను. అప్పుడు నాకు 39 ఏళ్లు, బరువు 91 కిలోలు. మీకు వచ్చిన చోటే, చిప్ప కిందే నొప్పి. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ రెండు కిలోల సంగతి. ఒక కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీలు ఉంటాయి. రోజుకు 500 కేలరీలు తక్కువ తింటే ఆ ఒక్క కిలో కరగడానికే పదిహేను రోజులు పడుతుంది. మరి వారంలో రెండు కిలోలు ఎలా పోయాయి? అందులో ఎక్కువ భాగం నీరు. కాలేయంలోనూ కండరాల్లోనూ పిండిపదార్థం గ్లైకోజన్ రూపంలో నిల్వ ఉంటుంది. ప్రతి గ్రాము గ్లైకోజన్ తనతో పాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. తిండి తగ్గించగానే ఆ నిల్వ ఖర్చవుతుంది, నీరు బయటికి పోతుంది. మూడో వారంలో ముల్లు కదలకపోవడం మీ వైఫల్యం కాదు. అలవాటు లేని వ్యాయామంతో నొప్పి పుట్టిన కండరాలు కొంత నీటిని పట్టి ఉంచుతాయి కాబట్టి, లోపల కొవ్వు తగ్గుతున్నా పైకి కనిపించకపోవచ్చు. సరిగ్గా ఆ సమయంలో మీరు తిండి ఇంకా కోసేశారు. నేనూ అదే చేశాను. తినడం తగ్గించి పరుగు పెంచితే, దెబ్బతిన్న చోటును బాగుచేసుకోవడానికి ఒంటికి సరుకు ఎక్కడిది?

ఇక మోకాలు. నాకు ఈ విషయం ఎవరైనా మొదట్లోనే చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే శ్రమకు అలవాటుపడతాయి. కండరాలూ త్వరగానే బలపడతాయి. కానీ కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువులకు రక్తప్రసరణ తక్కువ, అవి గట్టిపడటానికి నెలలు కావాలి. నాలుగో వారంలో ‘ఆయాసం లేదు, ఇంకో కిలోమీటరు పరిగెత్తగలను’ అనిపిస్తుంది. ఆ మాట చెప్పేది ఊపిరి. మోకాలిని ఎవరూ అడగలేదు. పరుగులో ప్రతి అడుగుకూ నేల నుంచి కాలికి తగిలే బలం శరీర బరువుకు రెండు మూడు రెట్లు ఉంటుంది. నడకలో అది బరువు కంటే కొంచెమే ఎక్కువ.

నేను రెండోసారి ఎనిమిది వారాలు నడక తప్ప ఏమీ పెట్టుకోలేదు. వారానికి ఐదు రోజులు, రోజుకు 30 నిమిషాలు. పెద్దలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే వారానికి 150 నిమిషాల కనీస పరిమితి అలా పూర్తవుతుంది. వేగానికి నా కొలత ఒకటే: మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. తొమ్మిదో వారంలో ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక చొప్పున మొదలుపెట్టాను. వేగం, దూరం, రోజులు, ఈ మూడింటిలో ఒక వారంలో ఒక్కటే పెంచేవాడిని. చేస్తున్నప్పుడు స్వల్పంగా నొప్పి ఉండి మరుసటి ఉదయానికి మామూలైతే అదే మోతాదు కొనసాగించాను. ఉదయం మెట్లు దిగేటప్పుడు ముందురోజు కంటే ఎక్కువ నొప్పిగా ఉంటే వ్యాయామం మోతాదు కొంత తగ్గించాను. వాపు వచ్చినా, మోకాలు మధ్యలో పట్టేసినా మళ్లీ వైద్యుడి దగ్గరికి వెళ్లండి, ఆలస్యం చేయకండి.

వారానికి రెండు రోజులు బలం పెంచే వ్యాయామం తప్పక చేయండి. కుర్చీలో నుంచి లేచి, మూడు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా కూర్చోవడం ఎనిమిదిసార్లు, అలా మూడు విడతలు. గోడకు చేతులు ఆనించి తోయడం. మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తడం. నాకు ఇవే చాలు. తర్వాత వీపుకు పుస్తకాల సంచి తగిలించుకున్నాను. ఇవి లేకుండా తిండి మాత్రమే తగ్గిస్తే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. మాంసకృత్తులు కిలో బరువుకు 1.2 గ్రాములకు తగ్గకుండా చూసుకుంటాను. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, పావు లీటరు పాలలో ఎనిమిది గ్రాముల దాకా ఉంటాయని తెలిస్తే రోజు లెక్క సులువే. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం వైద్యుడిని అడగాలి.

పదివేల అడుగులు అనేది 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన అడుగులు లెక్కించే పరికరం పేరుతో ప్రచారంలోకి వచ్చిన అంకె. అంతకంటే తక్కువ నడిచినా మేలు జరుగుతుంది. పొట్ట ఒక్కటే తగ్గించే వ్యాయామం లేదు. కొవ్వు ఎక్కడి నుంచి ముందు పోవాలో శరీరమే నిర్ణయిస్తుంది.

జవాబు (రాత్రి షిఫ్టు):

పై సలహాలన్నీ మంచివే. ఒకటి కలుపుతాను. నేను వారంలో నాలుగు రాత్రులు పనిచేస్తాను. ఐదు గంటలే నిద్రపోయిన రోజున ఆకలి అదుపులో ఉండదు, తీపి మీదకే మనసు పోతుంది. అలాంటి రోజు పరుగు మానేసి ఒక గంట ఎక్కువ పడుకోవడం నాకు మేలు చేసింది. రోజూ బరువు చూసుకుంటే మాత్రం నాకు దిగులు పెరిగింది. అందుకే నెలకోసారి బొడ్డు దగ్గర టేపుతో కొలుస్తాను, అంతే.

మెట్లదారి:

ఇద్దరికీ ధన్యవాదాలు. తప్పు నా పట్టుదలలో ఉందనే ఇన్నాళ్లూ అనుకున్నాను. ఒక సందేహం. వరుసగా అరగంట ఎప్పుడూ దొరకదు. పదేసి నిమిషాల నడకలు లెక్కలోకి వస్తాయా?

నిదానం:

వస్తాయి. ఒకేసారి కనీసం పది నిమిషాలైనా చేయాలనే షరతు ఒకప్పుడు ఉండేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో దాన్ని కూడా తీసేసింది. 1953లో బ్రిటన్ వైద్య పరిశోధకుడు జెర్రీ మోరిస్ బృందం లండన్ బస్సు సిబ్బంది మీద చేసిన అధ్యయనం ప్రచురించింది. రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే, రెండంతస్తుల బస్సుల్లో మెట్లెక్కి దిగుతూ టిక్కెట్లిచ్చే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా కనిపించింది. వాళ్లు ఎక్కినవన్నీ ముక్కలు ముక్కలుగా ఎక్కినవే కదా!

బరువు విషయంలో రాత్రి షిఫ్టు గారు చెప్పింది మీకు నప్పవచ్చు. నేను రోజూ చూసుకున్నా వారం సగటు మాత్రమే రాసుకునేవాడిని. ప్రస్తుతానికి బరువు పక్కన పెట్టండి. మెట్లు దిగేటప్పుడు ఎన్నో మెట్టు దగ్గర నొప్పి మొదలవుతుందో ఈ రోజే రాసిపెట్టుకోండి. నాలుగు వారాల నడక తర్వాత మళ్లీ అవే మెట్లు దిగి చూసి, ఇక్కడ చెప్పండి. నేను ఎదురుచూస్తాను.