మన ఎంపీ కేంద్రమంత్రి అయ్యాక ఉద్దానం కిడ్నీ సమస్య గురించి పార్లమెంటులో అడిగేదెవరు?

కవిటి_కొబ్బరితోట:

అందరికీ నమస్కారం. మాది కవిటి మండలం. నాన్నకి డయాలసిస్ పడింది. వారానికి మూడుసార్లు, వెళ్లిన ప్రతిసారీ నాలుగు గంటలు మెషీన్ మీద ఉండాలి. ఎడమ చేతికి ఫిస్టులా వేశారు (డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు రెండు కలిపి కుడతారు), అక్కడ వేలు పెడితే లోపల జుమ్మని కొట్టుకోవడం తెలుస్తుంది. ఆ చేత్తో ఇప్పుడు ఆయన బిందె కూడా ఎత్తకూడదు, ఒకప్పుడు కొబ్బరి చెట్లెక్కిన మనిషి. మా వీధిలో ఇలా ఇంకా ఉన్నారు, మా వైపు ఎవరైనా నీరసంగా ఉందంటే చాలు, ముందు "క్రియాటిన్ (కిడ్నీ రక్తపరీక్ష) చూపించుకున్నావా" అనే అడుగుతారు.

ఇప్పుడు విషయానికొస్తాను. మా శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు గారు 2024 జూన్ నుంచి కేంద్రమంత్రి. అంతకుముందు ఆయన లోక్‌సభలో ఉద్దానం, అంటే కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మా ప్రాంతం, మాట ఎత్తారు. మొన్న మాటల్లో ఒకాయన, మంత్రి అయినవాళ్లు సభలో ప్రశ్నలు వేయకూడదు అన్నారు. నిజమేనా? నిజమైతే మా తరఫున అడిగేదెవరు? ఇంకోటి, అసలు ఎంపీ లేచి ఒక సమస్య చెప్తే ఆ తర్వాత ఢిల్లీలో ఏం జరుగుతుంది? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, వచ్చే సమావేశాల్లోపు మా ఊళ్లవాళ్లం కలిసి ఏదైనా చేద్దామనుకుంటున్నాం.

ఢిల్లీ_డెస్క్:

నిజమే తమ్ముడూ. ప్రశ్న వేసే హక్కు మంత్రులు కాని సభ్యులదే, మంత్రులు జవాబు చెప్పే వైపు ఉంటారు. అలాగని దారి మూసుకుపోలేదు. మంత్రిగా ఆయన ఆరోగ్య మంత్రితో నేరుగా మాట్లాడొచ్చు, ఉత్తరం రాయొచ్చు. కాకపోతే ఆ మాటలేవీ సభ రికార్డులోకి ఎక్కవు. సభలో ప్రశ్నకు వచ్చిన జవాబు మాత్రం ప్రభుత్వం మీద ఉండిపోతుంది, అందుకే ఎవరో ఒకరు అడగాలి. ఉద్దానం గురించి ఉద్దానం ఎంపీయే అడగాలన్న నియమం ఎక్కడా లేదు. రాష్ట్రం నుంచి లోక్‌సభలో 25 మంది, రాజ్యసభలో 11 మంది ఉన్నారు, వాళ్లలో మంత్రులు కానివాళ్లు ఎవరైనా అడగొచ్చు. పార్టీ చూడొద్దు, ఒకరు కాదంటే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి.

ఇక ఏమవుతుంది అన్నదానికి. ఎలా ఎత్తారన్న దాన్ని బట్టి ఉంటుంది. జీరో అవర్‌లో (ముందస్తు ప్రశ్న లేకుండా అత్యవసర విషయాలు ఎత్తే సమయం) మాట్లాడితే టీవీలో కనిపిస్తుంది, పేపర్లో వస్తుంది, కానీ మంత్రి అప్పటికప్పుడు జవాబు చెప్పాల్సిన పని లేదు. లోక్‌సభలో రూల్ 377 కింద ఇస్తే 250 పదాలకు మించని చిన్న రాత ఉంటుంది, దానికి ఆ శాఖ తర్వాత లిఖితపూర్వకంగా బదులివ్వాలి. అన్నిటికంటే పట్టు ఉన్నది ప్రశ్నకే. నక్షత్ర గుర్తు ప్రశ్నలు లోక్‌సభలో రోజుకి 20, వాటికి మంత్రి లేచి నోటితో చెప్పాలి, పైగా అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. గుర్తు లేనివి రోజుకి 230, రాతలో జవాబొస్తుంది. నోటీసు 15 రోజుల ముందే పడాలి, అదీ లాటరీలో రావాలి. అందుకే ఒక్క ఎంపీని నమ్ముకోకుండా నలుగురి చేత ఒకే విషయం మీద నోటీసులు ఇప్పించమంటాను.

ఒక జాగ్రత్త. "ఉద్దానంలో కిడ్నీ రోగులకు ప్రభుత్వం ఏం చేస్తోంది" అని అడిగారనుకోండి, జవాబు మొదటి వాక్యం ఇప్పుడే చెప్పేస్తాను: ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్ర పరిధిలోని అంశాలు. ఆ తర్వాత పథకాల పేర్లు వరసగా రాసి ముగిస్తారు. కేంద్రం తప్పించుకోలేని చోట అడగాలి, అంటే డయాలసిస్ కార్యక్రమానికి ఇచ్చిన డబ్బు, ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన సంస్థ) పరిశోధన, ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే జల్ జీవన్ మిషన్ నిధులు, ఇలాంటివి.

డయాలసిస్_టెక్నీషియన్:

పైన అన్న చెప్పింది అక్షరాలా నిజం. నేను ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి ఏం అడగాలో రెండు మాటలు చెప్తాను.

2016 బడ్జెట్‌లో ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం ప్రకటించారు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్లకి ఉచితం. కానీ మెషీన్ల సంఖ్య ఒక్కటే అడిగితే లాభం లేదు. ఒక్క మనిషికి ఒక్కసారి డయాలసిస్ చేయడానికి సుమారు 120 లీటర్ల శుద్ధి చేసిన నీళ్లు కావాలి. నిమిషానికి అర లీటరు చొప్పున నాలుగు గంటలు, లెక్క వేసుకోండి. ఆ నీళ్లు శుద్ధి చేసే ఆర్‌వో ప్లాంటు మొరాయిస్తే పది మెషీన్లున్నా పది మందీ బయట బల్ల మీద కూర్చోవాల్సిందే. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక సెంటర్‌లో అదే జరిగేది, ఒళ్లంతా వాచిపోయి ఆయాసంతో ఉన్న పెద్దావిడని రేపు రమ్మని చెప్పాల్సి వచ్చినప్పుడు నోట మాట రాలేదు. కాబట్టి ఎన్ని మెషీన్లు ఇచ్చారని కాదు, ఎన్ని పనిచేస్తున్నాయి, షిఫ్టుకి టెక్నీషియన్లు ఎందరు, నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టరు) వారానికి ఎన్ని రోజులు వస్తారు అని అడిగించండి.

ఇంకో ముఖ్యమైన విషయం, ఇంట్లోనే పొట్ట ద్వారా చేసుకునే పెరిటోనియల్ డయాలసిస్‌ని కూడా ఈ కార్యక్రమంలో చేర్చి 2019లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. అందరికీ సరిపడదు, శుభ్రత చాలా జాగ్రత్తగా చూసుకోవాలి. కానీ వజ్రపుకొత్తూరు, మందస లోపలి ఊళ్ల నుంచి వారానికి మూడుసార్లు ఆటో కట్టించుకుని వచ్చేవాళ్లకి అదొక దారి. మన జిల్లాలో ఎంతమందికి ఇచ్చారో ఎవరైనా అడిగితే బావుణ్ణు.

పలాస_జీడిపప్పు:

నాకు ఈ ప్రశ్నల మీద అంత నమ్మకం లేదు, కోపం తెచ్చుకోకండి. మన దగ్గర కదిలిందంతా రాష్ట్రం కదిలితేనే కదిలింది. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబర్ 14న మొదలయ్యాయి, హిరమండలం రిజర్వాయర్ నుంచి 700 కోట్ల రూపాయల మంచినీటి పథకం వచ్చింది, డయాలసిస్ వాళ్లకి నెలకి 10,000 పింఛను ఇస్తున్నారు. ఇవన్నీ ఊళ్లలో జనం గొడవ పెట్టగా పెట్టగా, రాష్ట్రంలో ప్రతి ఎన్నికల్లో మాట అడగ్గా వచ్చినవి. ఢిల్లీలో ఎవరో రెండు నిమిషాలు మాట్లాడితే వచ్చినవి కావు.

ఢిల్లీ_డెస్క్:

జీడిపప్పు గారూ, మీరన్న దాంట్లో నిజం ఉంది, ఆసుపత్రి కట్టేదీ డాక్టర్ని వేసేదీ రాష్ట్రమే. కానీ జబ్బు ఎందుకొస్తోందన్న ప్రశ్న ఒక్క రాష్ట్రం తేల్చేది కాదు. నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పనిచేసి ఒంట్లో నీరు తగ్గడమన్నారు, నొప్పి మాత్రలన్నారు. ఐసీఎంఆర్, జార్జ్ ఇన్‌స్టిట్యూట్ లాంటి పరిశోధన సంస్థలు వచ్చాయి, అయినా ఇదీ కారణమని వేలు పెట్టి చూపించే స్థితి రాలేదు. ఇదే తరహా జబ్బు ఒడిశాలో కటక్ జిల్లా నరసింగపూర్ వైపు ఉంది, శ్రీలంకలో ఉంది, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల్లో ఉంది. ఇన్ని చోట్ల ఉన్నదాన్ని కలిపి చూడాల్సింది కేంద్రం.

సభలో మాట ఊరికే పోదనడానికి ఒక ఉదాహరణ చెప్తాను. తమిళనాడు ఎంపీ తిరుచ్చి శివ ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద ప్రైవేటు బిల్లు (మంత్రి కాని సభ్యుడు పెట్టేది) పెడితే 2015 ఏప్రిల్ 24న రాజ్యసభ ఆమోదించింది. అంతకుముందు ప్రైవేటు బిల్లు రాజ్యసభలో నెగ్గి 45 ఏళ్లు. అది చట్టం కాలేదు, 2019లో ప్రభుత్వం తన సొంత బిల్లు తెచ్చి చట్టం చేసింది, దాని మీద ఆ వర్గం వాళ్లకే చాలా అభ్యంతరాలున్నాయి. అయినా ఆ విషయాన్ని పక్కన పెట్టలేని పరిస్థితి తెచ్చింది ఆ ఒక్క ఎంపీ పట్టుదలే అని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంకో మాట మరిచాను. జవాబులో "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం" అని ఉంటే అది హామీ కింద లెక్క. మూడు నెలల్లో తీర్చాలి, లేకపోతే ప్రభుత్వ హామీల కమిటీ అడుగుతుంది. జవాబు రాగానే ఆ వాక్యం ఉందేమో వెతకండి, పార్లమెంటు వెబ్‌సైట్‌లో అన్నీ పెడతారు.

బరంపురం_తెలుగు:

ఇచ్ఛాపురం వాళ్లకి విశాఖ కంటే మా బరంపురం చాలా దగ్గర, కిడ్నీ పేషెంట్లు ఇక్కడి పెద్దాసుపత్రికి వస్తూనే ఉంటారు. ఒడిశా ఎంపీల చేత కూడా అడిగిస్తే రెండు రాష్ట్రాల విషయం అవుతుంది కదా, అప్పుడు రాష్ట్ర పరిధి అని తోసేయడం కష్టం. ఇక్కడ మా తెలుగు సంఘం పెద్దలతో నేను మాట్లాడతాను.

కవిటి_కొబ్బరితోట:

అందరికీ చాలా థాంక్స్. టెక్నీషియన్ గారూ, నాన్న వెళ్లే చోట కూడా నీళ్ల ప్లాంటు మాటే వింటుంటాను, మీరు రాసింది చదివాక ఎందుకో అర్థమైంది. జీడిపప్పు గారూ, రాష్ట్రాన్ని అడగడం ఆపం, ఇది దానికి తోడు.

ముసాయిదా ఇలా అనుకుంటున్నాను: శ్రీకాకుళం జిల్లాలో జాతీయ డయాలసిస్ కార్యక్రమం కింద ఎన్ని మెషీన్లు మంజూరయ్యాయి, వాటిలో పనిచేస్తున్నవెన్ని, పెరిటోనియల్ డయాలసిస్ ఎంతమందికి అందుతోంది, కారణం తెలియని కిడ్నీ జబ్బు మీద ఆంధ్ర, ఒడిశాల్లో ఐసీఎంఆర్ చేసిన పని ఎంతవరకు వచ్చింది, నివేదిక ఎప్పుడు బయటపెడతారు. ఇందులో ఏదైనా తీసేయాలా, చేర్చాలా చెప్పండి. సోంపేట, కంచిలి, మందస వాళ్లెవరైనా ఉంటే మీ సెంటర్‌లో ఎన్ని మెషీన్లు తిరుగుతున్నాయో చూసి ఇక్కడ రాయండి. ఆ వివరాలన్నీ పట్టుకుని ఎంపీల ఆఫీసులకి మేమే వెళ్తాం.